పలకలు తుడిచిన పొద్దున

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, బదిలీల సంగతీ హాజరు యాప్ సంగతీ మాట్లాడుకుని, లేచే ముందు ఎవరో ఒకరు అడుగుతారు. "మేడం, మీ సర్వీసులో మీకు బాగా కుదిరిన పాఠం ఏది?" పాపం, ఏదో నేర్చుకుని పోదామని అడుగుతారు. కుదిరిన పాఠాలు నాకొక్కటీ గుర్తులేవు తల్లీ. మధ్యలో ఆగిపోయిన పాఠం ఒకటుంది. అది మాత్రం నిన్న మొన్న జరిగినట్టుంది. ఓపిక ఉంటే ఇంకాసేపు కూర్చోండి, చెప్తాను.

నేను సోషల్ టీచర్ని. మార్కాపురం ఆడపిల్లల హైస్కూల్లో చాలా ఏళ్ళు చేశాను. నాకు ముక్కు మీద కోపమని పిల్లలు చాటుగా చెప్పుకునేవారు. చాటుగా చెప్పుకున్నా నాకు వినపడేది, వినపడితే ఇంకా కోపం వచ్చేది. తొమ్మిదో తరగతిలో జర్మనీ నాజీల పాఠం ఉంటుంది. ఆ రాజ్యంలో ఆడది ఇంట్లో ఉండాలి, పిల్లల్ని కనాలి, ఎక్కువమందిని కంటే ప్రభుత్వం పతకం ఇస్తుంది అని ఒక భాగం ఉంటుంది. ఆ ఏడాది కూడా దాన్ని చదివేసి, పరీక్షలో వచ్చే ప్రశ్న చెప్పేసి, బోర్డు తుడవబోతుంటే ముందు బెంచీలో పిల్ల లేచి నిలబడింది.

"మేడం, ఆ దేశంలో ఆడోళ్ళందరూ ఊరికే ఉండిపోయినారా?"

"కూర్చో" అన్నాను.

కూర్చోలేదు. "ఒక్కరన్నా ఏంది ఈ అన్యాయం అని అడగలేదా మేడం?"

"పుస్తకంలో అయితే లేదు."

"పుస్తకంలో లేకుంటే జరగనట్టేనా?"

క్లాసంతా కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల తండ్రి బస్టాండు దగ్గర పండ్లబండి పెట్టుకుంటాడు, తల్లి పలకల ఫ్యాక్టరీలో పలకలు తుడిచి ప్యాకింగ్ చేస్తుంది. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు, రెండిట్లోనూ నోరు గట్టిదే. రేపు చెప్తాలే అని తప్పించుకున్నాను. చెప్పడానికి నా దగ్గర ఏముంది? నాకూ తెలియదు.

ఆ ఆదివారం ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. తర్వాత హైదరాబాదులో లైబ్రరీలో పనిచేసే నా స్నేహితురాలితో పుస్తకాలు తెప్పించుకున్నాను. అబ్బ, ఎంతమంది ఆడవాళ్ళు! కాలేజీ మేడ మీద నుంచి కరపత్రాలు కిందికి వదిలి, పట్టుబడి, ప్రాణం పోగొట్టుకున్న విద్యార్థిని. యూదుల కుటుంబాలను వెనక గదిలో దాచి, పక్కింటివాళ్ళకు అనుమానం రాకుండా అన్నం పెట్టినవాళ్ళు. నిర్బంధ శిబిరంలో సైనికుల బట్టలు కుట్టమంటే కుట్లు కావాలనే వదులుగా వేసినవాళ్ళు. మందుగుండు ఫ్యాక్టరీలో ఖైదీలుగా పనిచేస్తూ, చిటికెడు చిటికెడుగా మందు బట్టల్లో దాచి, తిరుగుబాటు చేయబోయే తోటి ఖైదీలకు పంపి, చివరికి ఉరికంబం ఎక్కినవాళ్ళు.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది బెర్లిన్ ఆడవాళ్ళ కథ. వాళ్ళు యూదులు కారు, వాళ్ళ మొగుళ్ళు యూదులు. ఆ మొగుళ్ళను పట్టుకొచ్చి ఒక భవనంలో పెడితే, ఈ ఆడవాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి ఆ వీధిలో నిలబడ్డారు. చలికాలం, యుద్ధం, ఎటు చూసినా పోలీసులు. మా మనుషుల్ని మాకు ఇవ్వండి అన్నారు, అంతే. అందులో చాలామంది అంతకుముందు ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేనివాళ్ళు.

యుద్ధం అయ్యాక వీళ్ళను ఎట్లా గుర్తుపెట్టుకున్నారో చదివితే మాత్రం నాకు మళ్ళీ కోపం వచ్చింది. గొప్ప గౌరవాలన్నీ ముందు నియంతను చంపాలని మగవాళ్ళు పన్నిన కుట్రలకే దక్కాయి. కొంతమంది ఆడవాళ్ళను సొంత ఊరే ద్రోహుల్లా చూసింది. వాళ్ళను అడిగితే వాళ్ళు కూడా మేమేం చేశాం, చెయ్యాల్సింది చేశాం అన్నట్టు తప్పించుకునేవారట. శిలలు, ఫలకాలు చాలా ఏళ్ళకు గాని రాలేదు. ఇప్పుడు అక్కడ, ఎవరినైతే ఇళ్ళల్లోంచి పట్టుకుపోయారో వాళ్ళ గడపల ముందు, నడిచే దారిలోనే చిన్న ఇత్తడి బిళ్ళలు పాతి పేర్లు చెక్కుతున్నారట. ఇవన్నీ క్లాసులో చెప్పాను. వారం పాటు సిలబస్ పక్కన పెట్టి చెప్పాను. ముందు బెంచీ పిల్ల కళ్ళార్పకుండా వింది.

"మనకు ఇత్తడి ఎందుకు మేడం? మనూర్లో పలకలు లేవా?" అంది.

నిజమే కదా! దేశంలో పిల్లలు ఎన్ని పలకల మీద అ ఆలు దిద్దారో, అందులో సగం మా ఊరి రాయేనని మా ఊరివాళ్ళ గొప్ప. మహిళా దినోత్సవానికి ఒక్కో పిల్ల ఒక్కో పలక మీద ఒక్కో మహిళ కథ రాసి వరండాలో వరసగా పెడదామని అనుకున్నాం. పలకలకు ఫ్యాక్టరీ ఓనరును అడిగాం. మా బడికి బెంచీలు ఇచ్చింది ఆయనే, నీళ్ళ ట్యాంకు కట్టించింది ఆయనే. చెక్క ఫ్రేము పలకలు ఒక ఆటోలో వేసి పంపించాడు. ముఖ్య అతిథిగా ఆయన్నే పిలిచాం.

మా డ్రాయింగ్ మాస్టారు నెమ్మదైన మనిషి, నాతో వాదించే ధైర్యం స్టాఫులో ఆయనొక్కడికే ఉండేది. "తెల్ల పెయింటుతో రాయిద్దాం మేడం, చెరగదు" అన్నాడు.

"పలక మీద పెయింటేంది మాస్టారూ? పలక మీద బలపంతోనే రాయాలి."

"చెరిగిపోతే?"

"ఎవరు చెరుపుతారు?" అన్నాను నేను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ముందు రోజుకు పలకలన్నీ సిద్ధమైనాయి. పిల్లలు ముత్యాల్లా రాశారు. బెర్లిన్ ఆడవాళ్ళ పలక పెద్దారవీడు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లకు ఇచ్చాను. రైతుల ఇంటి పిల్ల. హాజరు పిలిస్తే పలికే మాట పక్కనోళ్ళకు కూడా వినపడదు. ముందు బెంచీ పిల్ల మందుగుండు ఫ్యాక్టరీ ఆడవాళ్ళను తీసుకుంది. సాయంత్రం హెచ్చెమ్ మేడం చూడ్డానికి వచ్చారు. రిటైర్మెంటుకు దగ్గరగా ఉన్నారు, భయస్తురాలు, మనసు మంచిది. ఒక్కో పలకా చదువుకుంటూ వచ్చి ఆ పిల్ల పలక దగ్గర ఆగిపోయారు.

మందుగుండు కథ కింద ఆ పిల్ల ఇంకో మాట కూడా రాసింది. మా అమ్మ పనిచేసే పలకల ఫ్యాక్టరీలో ఒక పెద్దమ్మ దుమ్ముకు ఊపిరాడక పడిపోతే, పని వదిలి పోవద్దని అందరూ బెదిరించినా వినకుండా మా అమ్మ ఆమెను ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయింది, ఆమె పేరు కూడా ఎవరూ రాయలేదు అని.

"ఏమ్మా, ఈ పలక తీసేయించు" అన్నారు హెచ్చెమ్ మేడం.

"ఎందుకు మేడం? అబద్ధమా?"

"నిజమే కాబట్టి తీయమంటున్నా. నా ఫ్యాక్టరీలో దుమ్ముతో ఒక్కరికి కూడా ఏమీ కాలేదని ఆయన ఊరంతా చెప్పుకుంటా తిరుగుతున్నాడు. ఈ సంగతి బయట ఎత్తితే పనిలో నుంచి తీసేస్తామని ఈ పిల్ల అమ్మకు ముందే చెప్పినారంట. రేపు ఆయన వచ్చి ఇది చదువుతాడు. నీకేం పోతది? నీ ఉద్యోగం నీకుంటది, నాది నాకుంటది. ఆ యమ్మ పని పోతది. ఆ యమ్మ పని పోతే ఈ పిల్ల బడికి రాదు. అది ఆలోచించినావా?"

ఆలోచించలేదు. ధైర్యం గురించి వారం రోజులు దంచి చెప్పిన మనిషిని, ఆ ధైర్యానికి ఎవరి పొయ్యి ఆరిపోతుందో ఆలోచించలేదు.

పిల్లను పక్కకు పిలిచాను. "మీ అమ్మకు చెప్పి రాసినావా?"

తల అడ్డంగా ఊపింది.

"ఈ పొద్దు ఇంటికి పోయి చెప్పు. అమ్మ వద్దంటే ఆ మాట చెరిపేద్దాం. ఉండనీ అంటే ఉంచుదాం, హెచ్చెమ్ మేడంతో నేను మాట్లాడతా. పని ఆమెది, ఆమె ఏమంటే అది."

"సరే మేడం" అంది. మొదటిసారి ఆ పిల్ల గొంతులో భయం విన్నాను.

పొద్దున్నే ఆటో దిగి గేటు లోపలికి అడుగుపెట్టాను. వరండాలో గోడకు ఆనించిన పలకలు వరసగా ఉన్నాయి. శుభ్రంగా, నల్లగా, తడితడిగా మెరుస్తున్నాయి. ఒక్క దాని మీద కూడా ఒక్క అక్షరం లేదు. కొళాయి దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు బకెట్లు, తడిగుడ్డలు పెట్టుకుని ఉన్నారు. చివరి పలక పట్టుకుని తుడుస్తున్నది ఆ పిల్ల తల్లే.

"నమస్తే మేడం. అయిపాయె, ఇది ఒక్కటే ఉండేది" అంది నవ్వుతూ.

ఇదేనేమో ఆమె జవాబు అనుకున్నాను. కూతురు చెప్పింది, తల్లి భయపడింది, తెల్లారేసరికి వచ్చి మొత్తం తుడిచేసింది. నాకు కోపం రాలేదు. జాలి వేసింది.

"మీ పాప చెప్పిందామ్మా?" అన్నాను.

"ఏం చెప్పింది మేడం? రాత్రి లోడు పోయేది ఉండె, నేను పోయేతలికి అది నిద్రపోయింది. ఏమన్నా చేసిందా?"

"మరి ఇవన్నీ ఎందుకు తుడిచినారు?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "మా సారు వస్తాడంట గదా మేడం. మన పలకలు పెట్టినారు, పోయి నీటుగా సర్దండి అని మమ్మల్ని పంపించినారు. వచ్చి చూస్తే అన్నిటి మీదా గీతలే! గీత ఉన్న పలక వరసలో పెడితే మాకు ఊరుకుంటారా? ఒక్క మరక కనపడినా వెనక్కి కొడతారు. మాకు చదవను రాదు గదా, పిల్లలు ఆడుకున్నారేమో అనుకుని తుడిచినాం."

జీవితమంతా పలక మీద మరక పోగొట్టడమే పనిగా బతికిన చేతులు. రాత కూడా వాళ్ళ లెక్కలో మరకే. ఎవరిని తిట్టను? కూతురు తన గురించి రాసిన మాటను కూడా ఆమె తన చేతులతో తనే తుడిచేసింది, ఆ సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

పిల్లలు వచ్చారు. ఇంకేముంది, ఏడుపులు. డ్రాయింగ్ మాస్టారు వచ్చి వరండా అంతా ఒకసారి చూసి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. నేను చెప్పలేదా అని ఆయన అనలేదు. అంటే బాగుండేది. హెచ్చెమ్ మేడం మాత్రం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టుకున్నారు. "దేవుడే తుడిపించినాడు. ఖాళీ పలకలే ఉండనీ, ఎంత కళగా ఉన్నాయో చూడు" అన్నారు.

అప్పుడు పెద్దారవీడు పిల్ల, ఆ గొంతు వినపడని పిల్ల, నా కొంగు పట్టుకుని లాగింది. "మేడం, రాసింది మాకు నోటికి వచ్చు గదా. ఎవరి పలక పక్కన వాళ్ళం నిలబడి చెప్తాం."

అంతలోనే గేటు దగ్గర కారు హారన్ వినపడింది. మళ్ళీ రాయించే సమయం లేదు. నిలబడండి అన్నాను. నేను ముందు బెంచీ పిల్ల దగ్గరికి పోయేలోపే ఆ పిల్లే వచ్చి నా చెవిలో అంది: "కింది మాట చెప్పను మేడం. అమ్మను అడగలేదు గదా."

ఓనరు తెల్లబట్టల్లో, నవ్వు ముఖంతో వచ్చాడు. చెడ్డ మనిషని చెప్పను. తన మంచితనం మీద తనకు గట్టి నమ్మకం ఉన్న మనిషి. ఆయన వెనక ఒక విలేఖరి ఫోను ఎత్తిపట్టి వీడియో తీస్తున్నాడు. కొళాయి దగ్గర ఫ్యాక్టరీ ఆడవాళ్ళు గుడ్డలు భుజాన వేసుకుని చూస్తున్నారు. హెచ్చెమ్ మేడం పూలదండ పట్టుకుని పక్కనే నిలబడ్డారు.

పిల్లలు ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. చేతిలో కాగితం లేదు, పలక మీద అక్షరం లేదు. కరపత్రాల అమ్మాయి, వెనక గదిలో మనుషుల్ని దాచినావిడ, వదులు కుట్లు. నేను పక్కన నడుస్తూనే ఉన్నాను, నా చూపు మాత్రం వరస చివర నిలబడ్డ పిల్ల మీదే ఉంది. పెద్దారవీడు పిల్ల వంతు వచ్చింది. ఆ పూట ఆ పిల్ల గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో గాని కొళాయి దాకా వినపడింది. భర్తల్ని ఎట్ల పట్టుకుపోయారో, ఆడవాళ్ళు చలిలో ఎట్ల నిలబడ్డారో చెప్తుంటే, ప్యాకింగ్ ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ ముందుకు వచ్చారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోలీసులు తుపాకులు ఎత్తినారు. పోతారా, కాల్చమంటారా అన్నారు. అప్పుడు ఆ ఆడోళ్ళు..."

"బాగుంది, బాగుంది పాపా! చప్పట్లు కొట్టండి" అని ఓనరు ముందుకు జరిగిపోయాడు. ఎండ ఎక్కుతోంది, ఆయనకు ఇంకో మీటింగు ఉంది. పిల్ల నోరు తెరుచుకునే ఉండిపోయింది. తర్వాత మూసుకుంది.

చివరికి ముందు బెంచీ పిల్ల. మందుగుండు కథ చెప్పింది. చిటికెడు చిటికెడుగా ఎట్ల తెచ్చారో చెప్పింది, ఎంత కొట్టినా తోటివాళ్ళ పేర్లు చెప్పలేదని చెప్పింది, ఉరి గురించి చెప్పింది. అక్కడ ఆగింది. నేను ఊపిరి వదిలాను. హెచ్చెమ్ మేడం పూలదండ ఎత్తారు.

ఓనరు నిజంగానే కదిలిపోయాడు. ఆ పిల్ల తల నిమిరి, విలేఖరి ఫోను వైపు తిరిగాడు. "పాపం, ఫ్యాక్టరీలో ఆడోళ్ళను అట్ల హింస పెట్టినారు చూడండి. మన దగ్గర ఆడోళ్ళను ఇంటి మనుషుల్లాగా చూసుకుంటాం. నీడ పట్టున పని. ఇన్నేళ్ళలో ఒక్క మనిషికి దుమ్ముతో దగ్గు కూడా రాలేదు. కావాలంటే అడగండి, మా ఆడోళ్ళు ఇక్కడే ఉన్నారు. ఏమ్మా? ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

అడగకుండా ఉంటే పోయేది. అడిగాడు. అందరం కొళాయి వైపు చూశాం. ముందు బెంచీ పిల్ల తన తల్లి ముఖం వైపు చూస్తోంది, తల్లి పలక వైపు చూస్తోంది. వద్దమ్మా అని నేను లోపల్లోపల మొక్కుకున్నాను. నిజం చెప్తున్నా, ఆ క్షణాన నేను ధైర్యం కోరుకోలేదు, ఆమె తల ఊపితే చాలనుకున్నాను.

"అయింది సార్" అంది ఆమె.

గట్టిగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టు అంది. "పెద్దమ్మ పడిపాయె. నోట్లో నుంచి మాట రాకపాయె. మీ మేస్త్రీ పోవద్దన్నాడు, అయినా నేనే ఆటోలో తీసకపోయిన. ఇంకా మంచంలోనే ఉంది సార్."

ఓనరు ముఖంలో నవ్వు అట్లానే ఉంది గాని అందులో మనిషి లేడు. "అట్లనా? నాదాకా రాలేదే. మాట్లాడదాంలే అమ్మా" అన్నాడు. టీ తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ కూతురు పరుగెత్తిపోయి తల్లిని పట్టుకుంది. "క్యా బేటీ, ఎందుకు ఏడుస్తున్నావు? సారు అడిగినాడు, చెప్పినా" అంటోంది తల్లి. అప్పుడు చెప్పిందట కూతురు, పొద్దున ఆమె తుడిచిన పలక మీద ఏముండేదో.

సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. మర్నాడు ఆమెను గేటు బయటే ఆపేశారు. ఆ పిల్ల బడికి రాలేదు. హెచ్చెమ్ మేడం అనుకున్నట్టే అయింది. ఒక్క ముక్క పాఠం చెప్పలేక నేను స్టాఫు రూములో కూర్చున్నాను.

ఇంటర్వెల్లో డ్రాయింగ్ మాస్టారు వచ్చాడు. ఆయన ఇల్లు ఫ్యాక్టరీ దారిలోనే. "మేడం, ప్యాకింగ్ ఆడోళ్ళు ఒక్కరు కూడా లోపలికి పోలేదు. గేటు ఎదురుగా రోడ్డు మీద నిలబడినారు. మా మనిషిని లోపలికి పంపిస్తే మేమూ పోతాం అంటున్నారు."

సెలవు చీటీ రాసి హెచ్చెమ్ మేడం ముందు పెట్టాను. ఆమె చదివి, ఎక్కడికి అని అడగకుండా సంతకం పెట్టి, బీరువా మీద నుంచి తన గొడుగు తీసి ఇచ్చారు. "ఎండ మండిపోతా ఉంది, తీసుకపో" అన్నారు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ ఆడవాళ్ళు జెండా పట్టుకోలేదు, నినాదం చేయలేదు. భుజాల మీద పొడిగుడ్డలు వేసుకుని నిలబడ్డారు, అంతే. పడిపోయిన పెద్దమ్మ కూడా మంచం దిగి వచ్చి గోడ నీడన రాయి మీద కూర్చుంది. ఆ పిల్ల తల్లి ఒక్కొక్కరి దగ్గరికి పోయి బతిమాలుతోంది. "పోండి అక్కా పనికి. నా ఒక్కదాని కోసం మీ కూలీ ఎందుకు పోగొట్టుకుంటారు?" ఎవరూ కదల్లేదు. లోడు ఎత్తాల్సిన లారీ గేటు లోపల ఆగిపోయింది.

మధ్యాహ్నం జీపు వచ్చింది. ఒక కానిస్టేబులు దిగి లాఠీ నేలకు కొడుతూ, "పోతారా, రెండు తగిలించాలా?" అన్నాడు. అని లాఠీ పైకెత్తాడు. గొడుగు మూసి చంకలో పెట్టుకున్నాను, ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఆ ఆడవాళ్ళు ఒకరికొకరు దగ్గరగా జరిగారు, కొంగులు బిగించుకున్నారు. అట్లా ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. ఎవరికో ఫోను వచ్చింది, లాఠీ దిగింది, జీపు వెళ్ళిపోయింది. మరుసటి రోజు మళ్ళీ వచ్చింది. వాళ్ళూ మళ్ళీ వచ్చారు. అట్లా కొన్ని రోజులు గడిచాక గేటు తెరిచి ఆమెను కూడా లోపలికి రమ్మన్నారు. పెద్దమ్మను డాక్టరుకు చూపించారు. ముందు బెంచీ పిల్ల మళ్ళీ ముందు బెంచీలోకి వచ్చి కూర్చుంది.

ఎందుకు రమ్మన్నారంటే ఊళ్ళో రెండు కథలు. బళ్ళు తెరిచే ముందు ఆర్డర్లు ఎక్కువ, లోడు ఆగిపోతే నష్టమని ఓనరు రమ్మన్నాడు గాని వీళ్ళకు భయపడి కాదని ఫ్యాక్టరీ మనుషులు చెప్తారు. ఆడవాళ్ళు నిలబడ్డారు కాబట్టే తెరిచారని వాళ్ళ పేటలో చెప్తారు. బెర్లిన్ వీధి గురించి కూడా పండితులు ఇప్పటికీ ఇట్లానే వాదించుకుంటున్నారు. మార్కాపురంలో పండితులు లేరు కాబట్టి మేం టీ కొట్టు దగ్గర వాదించుకున్నాం.

ఇక నా సంగతి. గొడుగుతో నేను గేటు దగ్గర నిలబడ్డ ఫోటో ఒకటి పైవాళ్ళదాకా పోయింది. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. నన్ను గిద్దలూరు వైపు బదిలీ చేశారు. పోయేరోజు డ్రాయింగ్ మాస్టారు కాగితంలో చుట్టి ఒకటి చేతికిచ్చాడు. విప్పితే తెల్ల పెయింటు డబ్బా. గిద్దలూరు వైపే రిటైరయ్యాను.

మొన్నీమధ్య పెన్షన్ ఆఫీసులో పని ఉండి మార్కాపురం పోయాను. బళ్ళోకి కూడా పోయి చూశాను. కొత్త టీచర్లు, కొత్త హెచ్చెమ్. ఆ రోజు సంగతి ఒక్కరికీ తెలియదు. పలకలు స్టోరు రూములో ఉన్నాయి, వాటి మీద ఏమీ లేదు. మనసు చివుక్కుమంది. బస్టాండుకు వచ్చి కూర్చున్నాను.

"మేడం! మీరేనా?"

చూస్తే ముందు బెంచీ పిల్ల తల్లి. జుట్టు నెరిసింది. వెనకాల నలుగురైదుగురు ఆడవాళ్ళు, సంచులు. కంభంలో పెళ్ళికి పోతున్నారట. కూతురు ఒంగోలులో నర్సింగు చదువుతోందని, ఫోను చేస్తే మాస్కు పెట్టుకున్నావా అనే మొదట అడుగుతుందని చెప్పి నవ్వింది. నేను ఆగలేకపోయాను.

"ఆ రోజు ఎంత ధైర్యం చేసినావమ్మా! మీరందరూ గేటు దగ్గర ఎట్లా నిలబడినారో నేను ఎంతమందికి చెప్పుకుంటానో తెలుసా?"

"అయ్యో, మేమేం చేసినాం మేడం? నిలబడినాం, అంతే గదా" అంది సిగ్గుపడుతూ. అని, ఒక్క క్షణం ఆగి నా పక్కన కూర్చుంది. గొంతు తగ్గించింది. "మేడం, ఒకటి అడగాల మిమ్మల్ని. ఆ రోజు పెద్దారవీడు పాప చెప్తా ఉండె గదా, ఆ దేశం ఆడోళ్ళ సంగతి. తుపాకులు ఎత్తినారు అనింది. అంతలో మా సారు బాగుంది బాగుంది అని ముందుకు పాయె. తర్వాత ఏమైంది? కాల్చేసినారా?"

"నీకు తెలియదా? మీ పాపను అడగలేదా?"

"అడగలే. గేటు కాడ మేమందరం అదే అనుకునేటోళ్ళం, కాల్చే ఉంటారులే అని. పాపను అడిగితే అవును అని చెప్తుందేమో, చెప్తే మరుసటి రోజు కాళ్ళు రావేమోనని భయం. వద్దులే, అడగొద్దు అనుకున్నాం అందరం."

కాల్చేసి ఉంటారనుకునే నిలబడ్డారు! నా కళ్ళు నిండిపోయాయి. కంభం బస్సు వచ్చింది. ఆడవాళ్ళు సంచులు ఎత్తుకుని ఎక్కుతున్నారు. ఆమె మాత్రం లేవకుండా నా ముఖమే చూస్తోంది.

"కాల్చలేదమ్మా" అన్నాను. "ఆ ఆడవాళ్ళు అక్కడి నుంచి కదల్లేదు. చివరికి తలుపులు తీశారు. వాళ్ళ మొగుళ్ళు చాలామంది ఇళ్ళకు వచ్చేశారు."

"వచ్చినారా? నిజంగానా మేడం?"

"నిజం."

ఆమె లేచి బస్సు వైపు పరుగెత్తింది. మెట్టు మీద ఒక కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, లోపలున్న వాళ్ళకు వినపడేలా అరిచింది.

"ఏయ్ అక్కా! కాల్చలేదంట! మొగోళ్ళు ఇండ్లకు వచ్చినారంట!"

"ఎవురే?" అని లోపల నుంచి ఒక గొంతు.

"ఆ తుపాకులోళ్ళ ముందర నిలబడిన ఆడోళ్ళ మొగోళ్ళు! మన పలకలు తుడిచినప్పుడు పాప చెప్పలే? వచ్చినారంట!"

బస్సులో ఒక్కసారిగా గోల లేచింది. కండక్టరు విజిల్ వేశాడు, ఎవరూ పట్టించుకోలేదు.